నేను తాగని నీళ్ళు

మమ్మల్ని దింపిన చోట స్టేషన్ లేదు. ఒక కిలోమీటరు రాయి ఉంది. దాని మీద 31 అని రాసి ఉంది. రాయి పక్కన నీళ్ళ ట్యాంకు, బండి పక్కకి తప్పుకోవడానికి ఒక లూపు లైను, ఇసుక బస్తాలతో కట్టిన రెండు బంకర్లు. అంతే. 1990 ఫిబ్రవరి, ఉదయం ఏడు పది. గాలి పడమర నుంచి వీస్తోంది. ఖరగ్‌పూర్‌లో బండి ఎక్కి ఐదు రోజులైంది.

మిస్త్రీ పెట్టె దించి నాలుగు దిక్కులూ చూశాడు.

"ఇదేనేటి, సుబేదార్ సాబ్?"

"ఇదే."

"టీ కొట్టు ఏ పక్కుంటాది?"

సుబేదార్ బంకర్ వైపు నడిచాడు. మా వెనక నుంచి వైర్‌లెస్ చూసే దాదా అన్నాడు: "టీ కొట్టు ఖరగ్‌పూర్‌లో ఉంది, మిస్త్రీదా. ఒకటో ప్లాట్‌ఫాం చివర. నడుచుకుంటూ ఎల్లు."

మాది పూర్తికాలపు సైన్యం కాదు. రైల్వే వాళ్ళతో కట్టిన దళం. పదకొండు నెలలు వర్క్‌షాపులో ఉద్యోగం, ఒక నెల కవాతు. సరిహద్దులో గొడవ రాజుకుంటే యూనిఫాం తొడిగి, సైన్యానికి రైలు అవసరమైన చోటికి పంపిస్తారు. అందువల్ల ఆ ఎడారి పోస్టులో ఉన్న పద్నాలుగు మందిమీ ఒకే ఊరి వాళ్ళం, ఖరగ్‌పూర్ వాళ్ళం. సుబేదార్ వర్క్‌షాపులో ఫిట్టర్ల మీద పెత్తనం చేసే ఛార్జ్‌మన్, తెలుగువాడే. మిస్త్రీ ఫిట్టర్. నలభై దాటాయి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేసే పనికి వచ్చి, వేసిన పట్టాల పక్కనే ఉండిపోయాడు. ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరుకి నాలుగు వరసల అవతల ఉండేది మిస్త్రీ కుటుంబం. దాదా మేదినీపూర్ బెంగాలీ. పక్కింటి వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు, మా అమ్మ తెలుగు కంటే జోరుగా మాట్లాడేవాడు.

నేను టైమ్ ఆఫీసు గుమాస్తాని. వయసు ఇరవై ఆరు. దేశం నలుమూలల నుంచీ కుర్రాళ్ళు మా ఊరి హిజ్లీలో ఉన్న పెద్ద ఇంజినీరింగు కాలేజీకి వచ్చి ఇంజినీర్లవుతుంటే, నేను ఆ గోడ పక్క నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఇంకో కాలేజీలో చరిత్ర చదివాను. చేతిరాత బాగుందని సైన్యం నన్ను లాన్స్ నాయక్‌ని చేసింది. దేశ రక్షణ గురించి మీకున్న భయాలు కొంత న్యాయమైనవే.

మా పని యుద్ధం కాదు, ఇసుక. ముందున్న దళాలకి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి నీళ్ళ బండి వెళ్ళాలి. గాలి ఇసుకని పట్టాల మీదికి తోస్తుంది. మూడంగుళాలు పేరుకుంటే బండి పడుతుంది. ఉదయం ఆరింటికి ఇద్దరు బయల్దేరి 31 నుంచి 40 వరకు పట్టా పట్టా చూసుకుంటూ నడవాలి. ఇసుక ఉంటే ఎత్తిపోయాలి. మనిషికి ఒక పార. జంటకి ఒక స్పానరు, ఎర్రజెండా, తీగలకి తగిలించి మాట్లాడే టెలిఫోను పెట్టె. మనిషికి రెండు వాటర్ బాటిళ్ళు, లీటరు చొప్పున. ప్రతి బాటిలు మీద తెల్ల రంగుతో నంబరు. నాది 9. మిస్త్రీది 17.

మొదటి రోజే సుబేదార్ ఆర్డరు చదివి వినిపించాడు.

"గంటకోసారి ఆగాల. చిటికెడు ఉప్పేసుకుని పావు బాటిలు తాగాల. దాహమేసినా తాగాల, ఎయ్యకపోయినా తాగాల. దాహం గురించి మీ అభిప్రాయం నాకక్కర్లేదు. తెలిసిందేటి?"

తెలిసింది అన్నాం. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

వారం తిరక్కుండానే భస్మ బుధవారం వచ్చింది. నుదుట పెట్టే బూడిద సంగతి గాలి చూసుకుంది. ఆ రోజు నుంచి మా క్రైస్తవులకి శ్రమ దినాలు. ఈస్టరు దాకా నలభై రోజులు. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు చర్చి ఆచారం ప్రకారం ఆ శుక్రవారాలు మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ తినకూడదు. మూడింటికి ఆరాధన. తర్వాత చర్చి వరండాలో అటుకులు, బెల్లం, టీ. ఆ టీ కోసమే ఉపవాసం ఉండే వర్గం ఒకటి ఉంది. నేను ఆ వర్గంలో పుట్టి పెరిగాను.

పోస్టులో మొదటి శుక్రవారం నేను పొద్దుటి రొట్టె మానేశాను. కారణం భక్తి కాదు, రొట్టె. అమ్మకి ఉత్తరం రాస్తూ ఆ మాటే అన్నాను: ఇక్కడి రొట్టెలు చూశాక ఉపవాసం భక్తి అనిపించడం లేదు, ఆత్మరక్షణ అనిపిస్తోంది. అమ్మకి హాస్యం మీద పెద్ద గౌరవం లేదు. ఆ వాక్యం మీద సిరా పూసి మిగతా ఉత్తరం అయ్యగారికి ఇచ్చింది. అయ్యగారు అంటే మా పాస్టరు. ఆయన ఆదివారం ఆరాధనలో దాన్ని చదివి వినిపించారు. అమ్మ జవాబు రాసింది: "సంఘమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. ఎడారిలో నా బిడ్డ దేవుని కోసం శ్రమపడుతున్నాడు. అయ్యగారు నీ గురించే ప్రసంగం చేశారు. శ్రమ నిన్ను కొలిమిలో పెట్టి శుద్ధి చేస్తోందన్నారు."

అంతకుముందు నన్ను చూసి ఏడ్చినవాడు మా నాన్న ఒక్కడే. అది కూడా పరీక్ష ఫలితాలప్పుడు. ఇప్పుడు సంఘం మొత్తం. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ తర్వాతి శుక్రవారం నీళ్ళు కూడా మానేశాను.

మా చర్చిలో నీళ్ళు మానమని ఎవరూ చెప్పలేదు. అది నా సొంత చేర్పు. తర్వాతి ఉత్తరంలో రాయడానికి ఏదైనా ఉండాలి కదా.

గస్తీకి నా జంట మిస్త్రీ. మొదటిసారే పట్టేశాడు.

"ఏటి బాబూ, మీ దేవుడు నీళ్ళొద్దన్నాడేటి?"

"వద్దనలేదు."

"మరేటి?"

"నేనే ఆయనకి అర్పిస్తున్నాను."

"ఆయనకి నీళ్ళకి కరువేటి? సముద్రాలన్నీ ఆయనయే కదా."

"నీకు అర్థం కాదులే, అన్నా," అన్నాను. చదువుకున్నవాడి దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అది.

మార్చి సగానికి ఎండ ముదిరింది. నడిచేటప్పుడు రెండు బాటిళ్ళు నడుముకి కొట్టుకుంటాయి. ఎలాగూ తాగనివి తొమ్మిది కిలోమీటర్లు మొయ్యడం ఎందుకని మార్చి చివరి శుక్రవారం వాటిని నింపి మంచం కింద, కిట్‌బ్యాగు వెనక పెట్టి వెళ్ళాను. బయల్దేరే ముందు బంకర్ లోపలి నుంచే సుబేదార్ అడిగేవాడు: "పానీ?"

"ఫుల్, సాబ్," అన్నాను.

అబద్ధం కాదు. మంచం కింద ఫుల్‌గానే ఉన్నాయి. ఆ రోజు మిస్త్రీ గమనించలేదు, పట్టాల మీద ఇసుకా లేదు. నడిచి వచ్చేశాం. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం చాలా ప్రమాదకరమైన విషయమని అప్పుడు నాకు తెలియదు.

ఏప్రిల్ మొదటి శుక్రవారం. ఆరింటికి బయల్దేరాం. రాత్రంతా గాలి వీచి తెల్లవారుజామున ఆగింది. ఆకాశం పసుపు రంగులో ఉంది. 33వ రాయి దగ్గర మిస్త్రీ బీడీ వెలిగించుకోవడానికి ఆగి, నా నడుము వంక చూశాడు.

"నీ బాటిళ్ళేవి?"

"పోస్టులో ఉన్నాయి."

"పోస్టుకి దాహమేస్తాదేటి?" బీడీ పారేశాడు. "పద. ఎనక్కెల్దాం."

"రెండు కిలోమీటర్లు వెనక్కి, మళ్ళీ రెండు ముందుకి. బండి టైముకి లైను చూడలేం, అన్నా. మూడింటి దాకా నాకు అక్కర్లేదు. మూడింటికి పోస్టులోనే ఉంటాం."

మిస్త్రీ నన్ను ఒక మాట తిట్టాడు. ఇక్కడ రాయను. ఆ తర్వాత ముందుకే నడిచాడు. లైను ముందు, మనిషి తర్వాత. ఇరవై ఏళ్ళ రైల్వే నౌకరీ ఆయనకి నేర్పింది అదే. ఆ అలవాటుని నేను వాడుకున్నాను.

38 దగ్గర పట్టాలు కనిపించలేదు. అరవై అడుగుల పొడవున ఇసుక. ఎనిమిదిన్నరకి పారలు దించాం. ఎత్తిపోసిన ఇసుకలో మూడో వంతు తిరిగి జారుతుంది. గంటకోసారి మిస్త్రీ ఆగి ఉప్పు వేసుకుని తన బాటిల్లోంచి పావు కాదు, ఒక్క గుక్కే తాగాడు. తాగిన ప్రతిసారీ నా వైపు చాచాడు. నేను తల అడ్డంగా ఊపాను. పదకొండు ఇరవైకి ఆఖరి పట్టా కనిపించింది. నేను పార పాతి, దానికి ఆనుకున్నాను. పార నిలబడింది. నేను నిలబడలేదు.

తెలివి వచ్చేసరికి కల్వర్టు కింద నీడలో ఉన్నాను. పట్టా కింద వాన నీరు పోవడానికి కట్టిన చిన్న తూము అది. ఆ ఎడారిలో వాన నీరు. ఇంజినీర్లకి ఆశ ఎక్కువ. మిస్త్రీ నన్ను అక్కడిదాకా వీపు మీద మోసుకొచ్చాడు. నా తల ఆయన ఒళ్ళో ఉంది. బాటిలు నా పళ్ళకి తగులుతోంది.

"తాగీ. మీ దేవుడితో నాను సెప్పుకుంటాను. తాగీ."

తాగాను. టైము పదకొండు యాభై. మూడింటి ఉపవాసం కూడా దక్కలేదు.

మిస్త్రీ టెలిఫోను పెట్టె తీసి తీగలకి తగిలించాడు. చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తీగ ఎక్కడో తెగింది. "ఒంటిగంటకి బండొస్తాది. జెండా సూపించి ఆపుతాను," అన్నాడు. తాగింది వాంతి చేసుకున్నాను. మళ్ళీ తాగించాడు. మొదటి బాటిలు అయిపోయింది. ఒంటిగంట అయింది. ఒకటీ పదిహేను. ఒకటీ ముప్పై. బండి రాలేదు. మా వెనక, తూర్పున ఇంకోచోట ఇసుక పడి అది ఆగిపోయిందని మాకు తెలియదు.

మిస్త్రీ లేచాడు. "రైలు టైముకి వస్తాదని నమ్మీవోడు రైల్వేలో పని సెయ్యకూడదు. నానెల్లి పోస్టు నుంచి పట్టాల మీద తోసే ట్రాలీ తెస్తాను."

రెండో బాటిలు నిండుగా ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పట్టుకెళ్ళు, అన్నా."

"నాకు దారిలో బండి తగుల్తాది. బండి నిండా నీల్లే కదా. నువ్వు కదలకు. గంటకోసారి తాగు. ఇది సుబేదార్ ఆర్డరు కాదు, నా ఆర్డరు."

ఆ బాటిలు నేను వెనక్కి తోయలేదు. ఒక్క మాటే అన్నాను. మర్యాద కోసం అన్నాను. ఈ సంగతి మీకు స్పష్టంగా తెలియాలి.

పోస్టులో ఆ మధ్యాహ్నం నీడలో నలభై మూడు డిగ్రీలు. ఎండలో ఎంతో కొలిచే పరికరం మాకు ఇవ్వలేదు. నీళ్ళ బండి 31 దాటేసరికి నాలుగైంది. 33వ రాయి దగ్గర పట్టాల పక్కన పడి ఉన్న మనిషిని డ్రైవరు చూశాడు. ఐదు కిలోమీటర్లు నడిచాడు మిస్త్రీ. ఇంకా రెండు నడవాలి. బండి ఆపి, బ్రేకు వ్యానులో పడుకోబెట్టి, వెనక్కి తీసుకొచ్చారు. ముందు పదహారు ట్యాంకుల నీళ్ళు, వెనక ఆ మనిషి. నాలుగు యాభైకి పోయాడు. నా కోసం ట్రాలీలో మనుషులు వచ్చారు.

దాదా ఆ సాయంత్రం పెద్ద పోస్టుకి పంపిన మాటలు తర్వాత లాగ్ బుక్కులో చూశాను.

"ముప్పై ఒకటి మాట్లాడుతోంది. ఒకరు మృతి. ఒకరు కల్వర్టు దగ్గర, ప్రాణంతో. డాక్టరు కావాలి. ఓవర్."

"మృతికి కారణం? ఓవర్."

"ఎండ. ఓవర్."

నిజానికి దాదా తప్పు చెప్పాడు. కారణం నేను.

ఫీల్డ్ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు పడుకోబెట్టారు. మూడో రోజు విచారణ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాడు.

"నీ దగ్గర నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి, సర్."

"తాగావా?"

"తాగాను, సర్."

"అతను నీళ్ళు లేకుండా ఎందుకు నడిచాడు?"

"ట్రాలీ కోసం, సర్."

నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నిజం చెప్పడానికి కావలసిన శ్రమ మాత్రం పడలేదు. శ్రమ గురించి ఉత్తరాలు రాసేవాణ్ణి. ఎదురుగా అసలైనది వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే, గుర్తుపట్టనట్టు నటించాను.

మర్నాడు సుబేదార్ వచ్చాడు. సంచిలోంచి రెండు బాటిళ్ళు తీసి మంచం మీద పెట్టాడు. 9 నంబరువి. ఖాళీగా, కడిగి ఉన్నాయి.

"నీ మంచం కింద దొరికినాయి. నీల్లు పారబోసినాను."

"మిస్త్రీవి?"

"నీ పక్కన దొరికినాయి. పదిహేడు నంబరువి రెండూ. ఆ ముక్క కాగితంలో లేదు."

"కాగితంలో ఏముంది, సాబ్?"

కిటికీ వైపు చూస్తూ, మిస్త్రీ మీద రాసింది అప్పజెప్పాడు: ఆదేశాలకు విరుద్ధంగా నీరు లేకుండా గస్తీకి వెళ్ళుట, స్వంత నిర్లక్ష్యము.

"అది మీ రాతా?"

"నాను సెప్పినాను, ఆల్లు రాసినారు. లేపోతే నీకు కోర్టు మార్షల్. నాకు ఛార్జిషీటు. సచ్చిపోయినోడు తిరిగొస్తాడేటి? నువ్వు గమ్మునుండు. మీ అమ్మకి ఒక్క కొడుకువి."

నేను గమ్మున ఉన్నాను. ఇంకో రెండు నెలలు పోస్టులో పని చేశాను. శుక్రవారాలు నీళ్ళు తాగాను. ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఇంటికి నా సంగతి సుబేదారే రాసి పంపాడు.

జూన్‌లో వెనక్కి పంపించారు. ఖరగ్‌పూర్‌లో బండి దిగేసరికి ఉదయం పదకొండు ఇరవై. చెమట, బొగ్గు వాసన, మూరీ అనే మరమరాలు అమ్మేవాడి కేక. అమ్మ బంతిపూల దండతో నిలబడింది. పక్కన అయ్యగారు, వెనక పాటల బృందం. వాళ్ళు ప్లాట్‌ఫాం మీదే పాట ఎత్తుకున్నారు. కూలీలు దారిచ్చి మరీ చూశారు. యుద్ధం గెలిచి వచ్చినవాడికి కూడా ఆ ఊళ్ళో అంత జరగదు. నేను కేవలం ఒక మనిషి నీళ్ళు తాగి వచ్చాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి కృతజ్ఞతా కూటం. మా వాళ్ళలో ఎవరైనా ఆపద దాటితే ఇంటి ముందు షామియానా వేసి సంఘాన్ని పిలుస్తారు. పాటలు, ప్రార్థన, ఆపద దాటినవాడి సాక్ష్యం, అయ్యగారి సందేశం, భోజనం. సాక్ష్యానికి ఒక పద్ధతుంది. శ్రమ వచ్చింది, మొరపెట్టాను, దేవుడు తప్పించాడు, నేను ఎదిగాను, స్తోత్రం. చిన్నప్పటి నుంచీ కొన్ని వందలు విన్నాను. ఎవరి శ్రమ ఎవరు పడ్డారని అందులో అడగరు.

మూడింటికి వెనక వరండాలో మటన్ ఉడుకుతోంది. పెరటి తలుపు దగ్గరికి మిస్త్రీ భార్య వచ్చింది. చెప్పులు బయట విప్పి, గుమ్మం అవతలే నిలబడింది. నేను వదినా అని పిలిచే మనిషి. వచ్చినప్పటి నుంచీ వాళ్ళ వరసలోకి నేను వెళ్ళలేదు.

"తమ్ముడూ, బాగున్నావా?"

"బాగున్నాను, వదినా."

"సైన్యం కాగితమొచ్చింది. మా మరిది సదివినాడు. ఆయన నీల్లు మర్సిపోనాడంట. ఆయన తప్పేనంట. అందుకు నాకు ఉద్యోగం ఇయ్యడానికి ఆపీసోలు తిప్పుతున్నారు." కొంగు నడుముకి చుట్టుకుంది. "పద్దెనిమిదేల్లు కాపరం సేసినాను. షాపుకెల్లేటప్పుడు టిపిను మర్సిపోలేదు, గొడుగు మర్సిపోలేదు. ఎడారికెల్లి నీల్లు మర్సిపోతాడేటి? నువ్వు పక్కనే ఉన్నావు కదా. సెప్పు."

లోపల నుంచి అమ్మ పిలిచింది: "నాయనా, అయ్యగారొచ్చేశారు."

"కూటంలో చెప్తాను, వదినా. కూర్చోండి," అన్నాను. అది ధైర్యం కాదు. ఒక గంట వాయిదా.

షామియానా కింద అరవై కుర్చీలు. వదిన ఆఖరి వరసలో గేటు పక్కన కూర్చుంది. సుబేదార్ కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. రెండు పాటలయ్యాక అయ్యగారు లేచారు. శ్రమ అనే కొలిమి గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. ఎండలో పడిపోయినా, ఉపవాసమున్న తన బిడ్డని దేవుడు నీడలో దాచాడన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. అక్కడ నీడ అంటే కల్వర్టు. దాచింది మిస్త్రీ.

నా వంతు వచ్చింది. లేచాను. సరదాగా మొదలుపెట్టడం నా అలవాటు. నోరు తెరిస్తే సరదా ఏదీ రాలేదు.

"నేను నీళ్ళు మంచం కింద పెట్టి వెళ్ళాను," అన్నాను. "ఉపవాసమని కాదు. మీరు ఏడుస్తారని. ఉత్తరంలో బాగుంటుందని. ఎండకి పడిపోతే మిస్త్రీ నన్ను మోశాడు. తన రెండు బాటిళ్ళూ నాకే ఇచ్చి, ఖాళీ చేతులతో నడిచాడు. ఆయన ఏమీ మర్చిపోలేదు. నన్ను విచారణలో అడిగారు. నేను చెప్పలేదు."

సుబేదార్ లేచి వెళ్ళిపోయాడు. అమ్మ ముఖం మీద కొంగు కప్పుకుంది. మటన్ అడుగంటుతున్న వాసన వస్తోంది, ఎవరూ కదలలేదు. ఒక మనిషి ఇంకొకడి కోసం తన ప్రాణమిచ్చాడన్న మాట ఆ జనం ప్రతి ఆదివారం వింటారు, కళ్ళు మూసుకుని వింటారు. ఇంటికి నాలుగు వరసల అవతల అదే జరిగిందంటే ఒక్కరికీ స్తోత్రం అనాలని తోచలేదు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అయినా, ప్రియులారా, వీటన్నిటి వెనక దేవుని ఉద్దేశం..."

"అయ్యగారూ, ఆగండి."

వదిన. నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు.

"మీ దేవుడి ఉద్దేశం తరవాత సెప్పుకుందురు. తమ్ముడూ, ఇప్పుడన్నదంతా కాయితం మీద రాయి."

"రాస్తాను, వదినా. నన్ను క్షమిం..."

"ఏడుపులూ అవీ తరవాత. ముందు రాయి. నానిక్కడే కూకుంటాను."

అమ్మ లోపలికి వెళ్ళి కాగితాలు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. అరవై మంది చూస్తుండగా రాశాను. బాటిళ్ళ నంబర్లు, కిలోమీటరు రాళ్ళు, గంటలు. దేవుడి పేరు ఎక్కడా రాయలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. సాక్షి సంతకం కావాలి. ఎవరూ ముందుకి రాలేదు. చివరికి అయ్యగారే పెన్ను తీసుకున్నారు.

"నా ఎదుట చెప్పావు. నేను విన్నాను. కాదనలేను," అన్నారు. సంతకం పెట్టారు. ఆయన మీద నాకున్న కోపంలో ఆ ఒక్క సంతకం మేర ఎప్పుడూ తగ్గించే లెక్కవేస్తాను.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. విచారణ మళ్ళీ తెరిచారు. దాదా వచ్చి బాటిళ్ళ నంబర్లు తానూ చూశానని చెప్పాడు. అడిగేదాకా ఎందుకు చెప్పలేదంటే, "కేవు జిగ్గేస్ కొరేనీ," అన్నాడు. ఎవరూ అడగలేదు, అంతే. మేమంతా ఒకే స్కూల్లో చదువుకున్నాం మరి. నా లాన్స్ నాయక్ చారలు ఊడదీసి దళం నుంచి పంపేశారు. రైల్వే ఉద్యోగం మిగిలింది. సంఘం కమిటీ కూర్చుని నన్ను ఆరు నెలలు ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, దూరంగా ఉంచింది. కారణం, ఉపవాసాన్ని నవ్వులపాలు చేయడం. ఒక మనిషి చనిపోవడం గురించి తీర్మానంలో ప్రస్తావన లేదు.

ఇప్పటికీ కొందరు నన్ను పిలుస్తుంటారు. శ్రమలో ఎదగడం గురించి యువతకి నాలుగు మాటలు చెప్పమంటారు. పిలిచేవాళ్ళు ఎక్కువగా ఫ్యాను కింద కూర్చుని ఉంటారు. వెళ్తాను. ఇదే చెప్తాను. రెండోసారి పిలవరు. నాకు దేవుడి మీద కోపం లేదు. ఆదివారాలు చర్చికి వెళ్తాను, ఆఖరి వరసలో కూర్చుంటాను. నా కోపమంతా శ్రమని పూలదండలా మెళ్ళో వేసుకుని తిరిగేవాళ్ళ మీద. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే. శ్రమ కోరి తెచ్చుకునేది కాదు, పక్కవాడి భుజం మీంచి దించేది. ఈ చిన్న సంగతి నాకు తెలియడానికి ఒక మనిషి ఖర్చయ్యాడు. దీన్ని ఎదుగుదల అనాలంటే నాకు నోరు రాదు. వేరే మాట ఉంటే చెప్పండి.

ఆ మరుసటి ఏడు, 1991 జనవరిలో, వదినకి వర్క్‌షాపులో ఖలాసీ ఉద్యోగం వచ్చింది. షాపులోకి వెళ్ళేముందు పనివాళ్ళు టైమ్ ఆఫీసు కిటికీలోంచి తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకోవాలి. ఆ కిటికీ లోపల నేను. కిటికీ చిన్నది, ఎత్తు తక్కువ. ముఖాలు కనిపించవు, చేతులు కనిపిస్తాయి. నూనె మరకల చేతులు, వేళ్ళు తెగిన చేతులు, బీడీ పట్టుకున్న చేతులు. మొదటి రోజు ఆరు యాభైకి వాటి మధ్యలోంచి ఒక చెయ్యి వచ్చింది. గాజుల్లేవు. కొత్త నీలం చొక్కా మణికట్టు దాకా దిగి ఉంది. అది మగవాళ్ళ కొలత, ఆమెకి పొడుగు. చెయ్యి వెల్లకిలా తెరిచి, కదలకుండా ఆగింది.

బిళ్ళ పెట్టాను. వేళ్ళు మూసుకున్నాయి. చెయ్యి వెళ్ళిపోయింది.

పదిహేడేళ్ళు ఆ కిటికీలోంచి రోజూ బిళ్ళ ఇచ్చాను. ఆమె ఒక్కరోజు కూడా వంగి లోపలికి చూడలేదు. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. పొద్దున్న ఆరు యాభై అయ్యేసరికి, నేను ఎక్కడున్నా, ఆ చెయ్యి వచ్చి నా ముందు తెరుచుకుంటుంది.